డెవలప్‌మెంట్ స్టడీస్‌లో పీహెచ్‌డీ: ససెక్స్ మేలా, గచ్చిబౌలి మేలా?

ఎం.ఏ. ఎకనామిక్స్ ఆఖరి సెమిస్టర్‌కు రాగానే పిల్లలు అడిగే ప్రశ్న ఒకటే. "సార్, ఈ రంగంలో ప్రొఫెసర్ కావాలంటే బయటికి వెళ్ళాల్సిందేనా? హైదరాబాద్‌లో చేస్తే పనికిరాదా?" రంగమంటే డెవలప్‌మెంట్ స్టడీస్, పేదరికం, అభివృద్ధి మీద చదువు. బయటంటే ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం లాంటివి, ఇక్కడంటే గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ.

డబ్బు సంగతి ముందే చెప్పేస్తాను. అమెరికాలో మంచి విభాగంలో సీటొస్తే ఫీజు ఉండదు, స్టైపెండూ ఇస్తారు, కాకపోతే అయిదారేళ్ళు పడుతుంది. బ్రిటన్‌లో మూడు నాలుగేళ్ళే గానీ స్కాలర్‌షిప్ దొరకడం కష్టం. ఇక్కడ జేఆర్‌ఎఫ్ (జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, ఇంటద్దె భత్యం అదనం.

నా మటుకు తేల్చేది డబ్బు కాదు. మీ ప్రశ్న ఎక్కడ పుడుతుంది, మీరు ప్రశ్న వేసిన మనిషి దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళగలరా అన్నదే.

పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో గ్రామ అధ్యయనాలు మొదలుపెట్టింది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పల్లెలూ అందులో ఉన్నాయి. పరిశోధకులు ఊళ్ళోనే కాపురముండి ఎంచుకున్న ఇళ్ళ ఆదాయం, ఖర్చు, అప్పు రాసుకున్నారు. ఒక ఇంటి రాబడి పడిపోతే ఆ ఇంటి తిండీ అంతే తగ్గుతుందా, ఊరంతా కలిసి కాచుకుంటుందా అని ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో ఎకనామెట్రికా అనే పరిశోధన పత్రికలో రాసిన ప్రసిద్ధ వ్యాసానికి ఆధారం ఈ లెక్కలే. ప్రపంచమంతా చదివే సిద్ధాంతం వెనక పల్లెలో కూర్చుని రాసుకున్నవాళ్ళ ఓపిక ఉంది.

ఆ ఓపిక ఎందుకంటే, అప్పెంత అని మొదటిసారి అడిగితే రైతు బ్యాంకు అప్పు ఒక్కటే చెబుతాడు. ఎరువుల దుకాణంలో పంటకు తీర్చే ఖాతా, కౌలు బాకీ రెండోసారో మూడోసారో వెళ్తేనే బయటపడతాయి. రైతుబంధు డబ్బు 2018 నుంచి పట్టాదారుకే అందింది. పెట్టుబడి పెట్టినవాడు కౌలుదారు. ఆ డబ్బు కౌలు రేటును ఏం చేసిందో తేల్చాలంటే ప్రతి సీజన్‌కూ ఆ గడప తొక్కాలి. ఒక్క ఏడాది ఫీల్డ్‌వర్క్‌కు వచ్చి వెళ్ళేవాళ్ళకు అది సాధ్యపడదు. గచ్చిబౌలి నుంచి పొద్దున్నే బయల్దేరితే సాయంత్రానికి తిరిగి రావచ్చు.

బయట చదువులో బలం లేదనను. గణితం, ఎకనామెట్రిక్స్ (లెక్కలతో ఆర్థిక ప్రశ్నలు తేల్చే పద్ధతులు) శిక్షణ అక్కడ గట్టిగా ఉంటుంది. 1966 నుంచి ఉన్న ససెక్స్ ఐడీఎస్ (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ స్టడీస్)లో ఆఫ్రికా, లాటిన్ అమెరికాల మీద పనిచేసేవాళ్ళు పక్క గదుల్లోనే దొరుకుతారు. ఇక్కడ మనకున్న పెద్ద లోటు అదే. విదేశీ విశ్వవిద్యాలయంలో కొలువే కావాలంటే అక్కడి పట్టా దాదాపు తప్పనిసరి.



రెండు చోట్లా సీటొచ్చిన పిల్లలకు నేను చెప్పేది: ఎవరిని, ఏ ఊళ్ళో, ఏమడగాలనుకుంటున్నారో ఒక పేజీ రాసుకురండి. ఆ ఊరు పాలమూరు వైపుంటే గచ్చిబౌలిలోనే చేరమంటాను. వియత్నాంను, ఇథియోపియాను మనతో పోల్చే ప్రశ్నైతే ససెక్స్‌కు వెళ్ళండి, సిఫారసు లేఖ నేనే రాస్తాను.