కాళాస్తి దారిలో పూసలు, శివుడు, కరక్కాయ రంగు

తిరుపతికి వచ్చేవాళ్ళ లెక్క దాదాపు ఒకటే. కొండెక్కి దర్శనం, లడ్డూలు, కిందికి దిగాక అలివేలు మంగాపురం, ఓపికుంటే కాళాస్తిలో రాహుకేతు పూజ, ఆపైన రైలు. అమ్మతో కలిసి వెళ్ళిన మేమూ ఆ లెక్కలోనే బయల్దేరాం. కాకపోతే తిరుపతికీ కాళాస్తికీ మధ్య జనం కారు అద్దాలు ఎత్తుకుని దాటిపోయే పల్లెల్లో ఆగుతూ వెళ్ళాం. నన్నడిగితే ఈ యాత్రలో చెప్పుకోదగ్గది ఆ పల్లెలే.

ముందు బస సంగతి. బస్టాండు ఎదురుగా శ్రీనివాసం, రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణునివాసం, రెండూ దేవస్థానం వాళ్ళవే. ఆన్‌లైన్‌లో గది దొరికితే ఇంకో ఆలోచన పెట్టుకోకండి. మాకు దొరకలేదు. వెనక వీధిలో ఒక లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది. ‘24 గంటలూ వేడినీళ్ళు’ అని గోడ మీద పెద్దక్షరాలు, దాని కిందే ‘ఉదయం 5 నుంచి 7 వరకు’ అని అంటించిన చిన్న కాగితం. తిండికి మాత్రం లోటు లేదు. మధ్యాహ్నం రోడ్డు పక్కన తిన్న రాగిసంగటి, ఊరిబిండి ముందు లాడ్జి వాళ్ళ టిఫిన్ దిగదుడుపే.

కాళాస్తికి ఆర్టీసీ బస్సులు వెంటవెంటనే ఉంటాయి. లోపలి ఊళ్ళు చూడాలంటే కారో ఆటోనో మాట్లాడుకోక తప్పదు. మా డ్రైవరు మొదట ఒప్పుకోలేదు. “గుడిమల్లానికి ఎవురూ పోరు కదక్కా, ఏముండాది ఆడ చూసేదానికి? నేరుగా కాళాస్తికి పోదాం, పెద్దమ్మకి పూజ చేయిస్తాను” అన్నాడు. వెయిటింగ్ డబ్బు వేరేగా ఇస్తామన్నాక దారికొచ్చాడు. బేరం మాత్రం బండి ఎక్కకముందే తేల్చుకోండి.

రేణిగుంట అనగానే మనకు జంక్షన్, విమానాశ్రయం గుర్తొస్తాయి. పురావస్తు శాస్త్రం చదివినవాళ్ళకు ఇది రాతి పనిముట్ల ఊరు. ఇక్కడి రాళ్ళకాలువ చుట్టుపక్కల పాతరాతియుగం చివరి దశ నాటి సన్నటి రాతి బ్లేడ్లు దొరికాయి. చూడ్డానికి అక్కడ ఒక బోర్డు కూడా లేదు కాబట్టి ఆగలేదు.

పాపానాయుడుపేటలో ఆగాం. ఇక్కడ గాజుపూసలు చేస్తారు. కొలిమి ఉన్న ఇల్లు వెతుక్కోవడానికి కాస్త తిరగాల్సి వచ్చింది. పని రోజూ జరగదు, వెళ్ళేముందు ఎవరినైనా కనుక్కోవడం మంచిది. జరుగుతున్న రోజు వెళ్తే మాత్రం కదలబుద్ధి కాదు. కరిగిన గాజుముద్దను బోలుగా ఉన్న ఇనప గొట్టానికి ఎక్కించి, లోపలి బోలు పూడిపోకుండా కొలిమిలో తిప్పుతూ ఉంటారు. ఇంకొకాయన ఆ ముద్ద కొసను కొక్కెంతో పట్టి అవతలికి లాగుతూ పోతాడు. సన్నటి గాజు గొట్టం బారెడు బారెడు సాగుతూ వస్తుంది. దాన్ని చిన్న ముక్కలుగా నరికి, బూడిదలో కలిపి మళ్ళీ కాలుస్తారు. అంచుల పదును పోయి ముక్కలు గుండ్రబడతాయి. బూడిద బెజ్జాల్లో దూరి అవి మూసుకుపోకుండా కాపాడుతుంది.

ఈ పద్ధతికి రెండు వేల ఏళ్ళ వయసుంది. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో 1945లో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ తవ్వకాలు జరిపిన పాత రేవు ఇలాంటి పూసలకు పెద్ద కేంద్రం. పీటర్ ఫ్రాన్సిస్ అనే అమెరికన్ పూసల పరిశోధకుడు 1980ల్లో ఈ ఊరికి వచ్చి, అరికమేడు నాటి పని ఇక్కడ ఇంకా బతికే ఉందని రాశాడు. తూర్పు ఆఫ్రికా నుంచి ఆగ్నేయాసియా దాటి కొరియా దాకా సమాధుల్లో, పాత రేవుల్లో దొరికేవి ఈ రకం పూసలే. అక్షరం రాని వర్తకుడికి కూడా సముద్రం అవతల చెల్లిన సరుకు. కొలిమి దగ్గర వేడి, పొగ మాత్రం భరించడం కష్టం. అమ్మ పది నిమిషాలకే బయటికొచ్చేసింది. అందులో నిలబడి పని చేసేవాళ్ళకు దక్కేది ఎంతో అడిగాను. ఆ ఇంటి పెద్దాయన నవ్వి, పిల్లలు తిరుపతిలో వేరే పనుల్లో ఉన్నారన్నాడు. ప్రదర్శన, టికెట్ లాంటివేమీ లేవు. చూసినందుకు నాలుగు దండలైనా కొనడం మర్యాద.

అక్కణ్ణించి గుడిమల్లం దగ్గరే. పరశురామేశ్వరాలయం కేంద్ర పురావస్తు శాఖ ఆధీనంలో ఉంది. గజపృష్ఠ విమానం, అంటే ఏనుగు వీపులా గుండ్రంగా తిరిగిన గర్భగుడి పైకట్టు, చుట్టూ పచ్చిక, పట్టుమని పదిమంది లేని జనం. గర్భగుడి నేలమట్టానికి కిందికి ఉంటుంది. లోపల సుమారు 5 అడుగుల లింగం, దాని ముందు వైపు నిలువెత్తున చెక్కిన వేటగాడి లాంటి శివుడు. ఒక చేత్తో పొట్టేలును కాళ్ళు పట్టుకుని వేలాడదీశాడు, ఇంకో చేతిలో చిన్న పాత్ర, భుజం మీద గొడ్డలి. కాళ్ళ కింద యక్షుడు. జంధ్యం లేదు. ఇది క్రీ.పూ. 2-1 శతాబ్దాల నాటిదని ఎక్కువమంది పండితుల లెక్క. మనకు తెలిసిన శివుడి రూపం అప్పటికింకా స్థిరపడలేదు. 1973-74లో పురావస్తు శాఖ తవ్వినప్పుడు లింగం చుట్టూ రాతి కంచె బయటపడింది. అంటే గుడి గోడలు తర్వాతెప్పుడో వచ్చాయి, మొదట ఈ శివుడు ఆరుబయట చెట్టుకింది దేవుడి లాగే పూజలందుకున్నాడన్న మాట. కాళాస్తిలో రెండు గంటలు క్యూలో నిలబడి అర నిమిషం చూసే నాకు, ఇక్కడ తీరిగ్గా కూర్చుని చూడటమే వరంలా తోచింది.

లోటుపాట్లు చెప్పాలంటే, దగ్గర్లో మంచి హోటలు లేదు. నీళ్ళు మీరే తెచ్చుకోండి. ఆ శిల్పం ఎందుకంత విలువైనదో చెప్పే మనిషి గానీ, తెలుగులో వివరంగా రాసిన పలక గానీ ఉంటే ఎంత బాగుండేదో.

కాళాస్తి గుడి గురించి కొత్తగా చెప్పేదేముంది. కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010లో కూలిపోయింది, ఇప్పుడున్నది కొత్తది. చెప్పుల స్టాండు నుంచి పూజ సామాను దాకా ప్రతి అడుగుకూ ఒకరు అడ్డం వస్తారు. గుడి పని ముగించి కలంకారీ వేసే ఇళ్ళ వైపు వెళ్ళాం.

గుడి చుట్టూ దుకాణాల్లో ‘కలంకారీ’ అని అమ్మేవాటిలో ఎక్కువభాగం అచ్చుగుడ్డలే. అచ్చు పని చెడ్డదని కాదు, పెడనలో చెక్క అచ్చులతో చేసేదీ గొప్ప కళే. స్క్రీన్ ప్రింటును చేతిపనిగా అంటగట్టడమే మోసం. అసలు కలం పనిలో ఏ రెండు గీతలూ ఒకేలా ఉండవు, దగ్గర పెట్టుకుంటే పాల వాసన కూడా వస్తుంది. మేం వెళ్ళిన ఇంట్లో పనంతా దాపరికం లేకుండా చూపించారు. గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరేస్తారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పాకదు. చింతపుల్లల బొగ్గుతో బొమ్మ గీసి, కొసకు గుడ్డ చుట్టిన వెదురు కలంతో దిద్దుతారు. నలుపు కోసం ఇనప ముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి వారాల తరబడి పులియబెట్టిన కసిమి వాడతారు. కలంలో ఉన్నప్పుడు పలచగా కనిపించే కసిమి కరక్కాయ ఎక్కిన గుడ్డను తాకగానే నల్లబడుతుంది. ఇది చూసి అమ్మ “అరే!” అని మళ్ళీ గీయించింది. ఎరుపుకు ముందు పటికనీళ్ళు పూసి, తర్వాత ఎర్ర రంగునిచ్చే వేళ్ళూ చెక్కా వేసిన నీళ్ళలో ఉడికిస్తారు. పటిక పడ్డ చోటే ఎరుపు నిలుస్తుంది.

ఆ పటిక గుట్టు చాలా పాతది. మొహెంజొదారోలో ఒక వెండి పాత్రకు అంటుకుని దొరికిన నూలు పీలిక కూడా మంజిష్ఠ జాతి మొక్క వేళ్ళ నుంచి తీసిన ఎరుపు అద్దినదే. ఉతికినా పోని ఈ రంగు కోసమే యూరప్ పిచ్చెత్తిపోయింది. తమ నేతగాళ్ళ నోట్లో మట్టి పడుతోందని ఫ్రాన్స్ 1686లో ఈ గుడ్డల్ని నిషేధించి 1759 దాకా ఎత్తలేదు. ఇంగ్లండు 1700లో ఒకసారి, 1721లో ఇంకా గట్టిగా చట్టాలు చేసింది. 1742లో దక్షిణాదిలో ఉన్న ఫ్రెంచి పాద్రీ కూర్దూ ఈ అద్దకం పద్ధతినంతా ఉత్తరంలో రాసి ఫ్రాన్సుకు పంపాడు. తర్వాతి కాలంలో మన ఊళ్ళలో కలం మూలపడితే, 1957లో చేతిపనుల కోసం పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో ఇక్కడ శిక్షణ కేంద్రం పెట్టి దాన్ని మళ్ళీ నిలబెట్టారు.

కాళాస్తి అయ్యాక చంద్రగిరి వెళ్ళాం. అది ఇవతలి వైపు, తిరుపతికి పడమట. రాజమహల్లో పురావస్తు శాఖ మ్యూజియం ఉంది, గుడిమల్లం లింగం నమూనా కూడా అక్కడే. తోట, బాత్‌రూములు, టికెట్ కౌంటరు అన్నీ సక్రమంగా ఉన్నాయి. చంద్రగిరి నుంచి ఏలిన విజయనగరపు చివరి రాజుల కాలంలోనే, వాళ్ళ సామంతులైన దామెర్ల నాయకుల దగ్గర 1639లో ఇంగ్లీషువాళ్ళు మద్రాసు నేల సంపాదించారు. అప్పటిదాకా మన కోస్తాలోని దుగరాజపట్నంలో ఈస్టిండియా కంపెనీ కొట్టు నడిపిన ఫ్రాన్సిస్ డే అక్కడికి మారడానికి చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది, గుడ్డ చవగ్గా దొరుకుతుందని. మ్యూజియంలో ఈ ముచ్చట చెప్పే గుడ్డ ముక్క ఒక్కటీ నాకు కనిపించలేదు. కాళాస్తి చూశాక వెళ్ళబట్టి నాకు అర్థమైంది గానీ, తిన్నగా ఇక్కడికే వచ్చినవాళ్ళకు రాతి విగ్రహాలు, కత్తులు తప్ప గుర్తుండేవి తక్కువ.

ఒక్క పూటే ఉంటే చంద్రగిరి వదిలేసి ఉదయాన్నే గుడిమల్లం వెళ్ళండి. రెండు పూటలుంటే రెండోది కలంకారీకి. మ్యూజియం శుక్రవారం మూసి ఉంటుంది. కలం పని చీర గానీ గోడకు వేసే తెర గానీ కావాలంటే వేలల్లో అవుతుంది, సగం ముందే ఇవ్వాలి, నెలలు ఆగాలి. దీపావళికి కావాలంటే ఎండాకాలంలోనే చెప్పి పెట్టుకోమన్నారు, వానలు పడితే గుడ్డ ఆరదట.