మెత్తని పెయింటా, గట్టి పెయింటా: గీతలు దేనిమీద తేలిగ్గా పోతాయి?

ఎండలో నల్ల కారు బానెట్ మీద సాలెగూడులా కనిపించే సన్నని గీతలు చాలావరకు రంగులో ఉండవు, దాని పైనున్న పారదర్శకమైన పొరలో, అంటే క్లియర్‌కోట్‌లో ఉంటాయి. హోండా, సుబారు లాంటి జపాన్ కార్లలో ఆ పొర తరచూ మెత్తగా ఉంటుంది. మెత్తని ఫోమ్ ప్యాడ్, సన్నరకం పాలిష్ చాలు, గీతలు ఇట్టే పోతాయి. చిక్కేమిటంటే, దుమ్ముపట్టిన గుడ్డతో ఒక్కసారి తుడిస్తే మళ్లీ హాజరు! ప్యాడ్ కాస్త గరుకైనా మసక మిగులుతుంది.

జర్మన్ కార్లది సాధారణంగా గట్టి పొర. మెర్సిడెస్ అయితే 2003లో నానో రేణువుల క్లియర్‌కోట్ తెచ్చింది. గీతలు తక్కువే. పడితే మాత్రం కాంపౌండ్ (గరుకురకం పాలిష్), మైక్రోఫైబర్ ప్యాడ్‌తో చెమటోడ్చాలి.

ఏ కారైనా ముందు ఓ మూల మెత్తని ప్యాడ్‌తోనే చూడండి. మళ్లీ పెయింట్ వేయించిన డోరు దగ్గర బ్రాండు లెక్క పనిచేయదు.