నరుటో: రాక్ లీని మర్చిపోయిన సిరీస్, ఆ మాట అననివ్వని ఫ్యాన్స్

జపాన్ నిన్జా ఆనిమే (కార్టూన్ సిరీస్) నరుటో చూడొద్దని నేను అనను, కానీ సగం దాటాక అది తను చెప్పిన మాట మీద తను నిలబడలేదు. ఇంతమంది ప్రేమించే సిరీస్ గురించి ఈ మాట గట్టిగా చెప్పాల్సిందే అనుకుంటున్నాను. భీమవరం హాస్టళ్ళలో ఉండే పిల్లల దగ్గరైనా, పాలకొల్లులో మా పిన్ని కొడుకు ఫ్రెండ్స్ దగ్గరైనా ఈ మాట అంటే చాలు, "పూర్తిగా చూశావా? మాంగా చదివావా?" అని మీద పడిపోతారు. చూశానండీ. మొదటి భాగం 220 ఎపిసోడ్లు, రెండో భాగం షిప్పూడెన్ 500, మొత్తం 720. మసాషి కిషిమోటో 1999 నుంచి 2014 దాకా గీసిన మాంగా, అంటే ఆనిమేకి మూలమైన కామిక్, 700 చాప్టర్లూ చదివాను.

అసలు ఈ కథ మనసుకి ఎందుకు పట్టుకుంటుందో ముందు చెప్పాలి. నిన్జాలు పై మెట్టు ఎక్కడానికి రాసే చూనిన్ పరీక్షల్లో రాక్ లీ అనే కుర్రాడు ఉంటాడు. నిన్జాల ఊళ్ళో పుట్టి నిన్జుత్సు (నిన్జా విద్యలు) రాదు, గెన్జుత్సు (కనికట్టు) రాదు, ఒళ్ళు హూనం చేసుకుని నేర్చుకున్న చేతి దెబ్బ, కాలి దెబ్బ తప్ప ఇంకేమీ లేదు. గారా అనే వేరే ఊరి నిన్జాతో ఫైట్‌లో కాళ్ళకున్న బరువులు విప్పి కింద పడేస్తే నేల పగిలిపోతుంది చూడండి, ఆ సీన్ చూసి లేచి నిలబడని పిల్లాడిని నేను చూడలేదు. అదే టీమ్‌లో నేజి. హ్యూగా వంశంలో చిన్న శాఖలో పుట్టినందుకు నుదుటి మీద శాపపు గుర్తు వేశారు, పెద్ద శాఖ వాళ్ళకి జీవితాంతం కాపలా కాయాలి. అందుకే వాడు "తలరాత పుట్టుకతోనే అయిపోతుంది" అని నమ్ముతాడు. మూడుసార్లు పరీక్ష తప్పిన మన హీరో నరుటో వచ్చి, తనకి అస్సలు రాని క్లోన్ విద్యతోనే (తనలాంటి రూపాల్ని పుట్టించే విద్య) వాడిని ఓడించి, నేను హొకాగే (ఊరి పెద్ద) అయ్యాక ఈ హ్యూగా పద్ధతి మారుస్తానని మాటిస్తాడు. ఆ ఫైట్‌లో తన ఒంట్లో బంధించి ఉన్న తొమ్మిది తోకల నక్క చక్ర (శక్తి) కూడా వాడాడు, నిజమే, కానీ చివర గెలిపించింది క్లోనే.

ఈ మాట మా వైపు పిల్లలకి ఊరికే కథలా వినపడదు. సార్వా, దాళ్వా రెండూ పండించేది చాలా ఊళ్ళలో కౌలు రైతులు, పాసుపుస్తకం మాత్రం ఇంకొకరి పేరున ఉంటుంది. బ్యాంకు లోను అడిగినా, తుపానుకి చేను పడిపోయి పరిహారం రాసుకునేటప్పుడైనా ముందు చూసేది ఆ పేరే. 2019 కౌలు చట్టం ప్రకారం కౌలు కార్డు కావాలన్నా భూమి గలాయన సంతకం పెట్టాలి. అలాంటి ఇంట్లో పుట్టి ఇంటర్ చదువుతున్న కుర్రాడు రాక్ లీని చూసి "నాలాంటోడు" అనుకుంటే అందులో వింతేముంది? ఎవరింట్లో పుట్టామన్నది కాదు, ఎంత కష్టపడ్డామన్నదే లెక్క అని ఈ సిరీస్ వాడికి మాటిచ్చింది. అందుకే తర్వాత జరిగింది నాకు అంత బాధ.

తర్వాత ఏమైంది? నరుటో ఎవరో కాదు, నాలుగో హొకాగే మినాటో కొడుకు. తల్లి కుషినా ఉజుమాకి వంశం, వాడికన్నా ముందు ఆ తొమ్మిది తోకల నక్కని మోసింది ఆవిడే. అది కూడా చాలదన్నట్టు షిప్పూడెన్ చివర్లో వచ్చే నిన్జా యుద్ధం మధ్యలో ఇంకొకటి తెచ్చారు: వాడు అషురా పునర్జన్మ, వాడి స్నేహితుడూ పోటీదారూ అయిన సాసుకే ఇంద్ర పునర్జన్మ, ఈ కథలో వాళ్ళిద్దరూ పూర్వకాలపు అన్నదమ్ములు, తరతరాల నుంచి రాసిపెట్టిన గొడవ. మరి నేజి అన్నదే కరెక్టు కదా! పోనీ ఆ నేజి బతికి ఇది అడిగాడా అంటే, యుద్ధంలో నరుటోకీ, హినాటాకీ అడ్డంగా పడి చనిపోయాడు. అంటే చివరికి పెద్ద శాఖ అమ్మాయి హినాటాకి అడ్డుపడి ప్రాణం ఇచ్చాడు, ఏ రాత మీద తిరగబడ్డాడో ఆ రాతే. హ్యూగా పద్ధతి మారుస్తానన్న మాట తీరిన సీన్ నాకు 720 ఎపిసోడ్లలో ఎక్కడా కనపడలేదు. లీ పెట్టుకున్న పెద్ద లక్ష్యాల్లో ఒకటి నేజిని ఓడించడం, అసలు కథలో అది ఎక్కడా తీరలేదు.

ఇక్కడ ఫ్యాన్స్ గై మాస్టారి ఫైట్ ఎత్తుతారు. లీ గురువు గారు ఎనిమిదో గేటు (ఒంట్లో శక్తికి వేసిన గేట్లలో చివరిది, తెరిస్తే ప్రాణం పోతుంది) తెరిచి ఒట్టి కాళ్ళూ చేతులతో యుద్ధంలో పెద్ద విలన్ మదారా అంతటి వాడిని దాదాపు చంపేస్తాడు. షిప్పూడెన్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది అదే, అందులో వాదన లేదు. కానీ తర్వాత చూడండి, మదారా మళ్ళీ లేచి నిలబడతాడు, గై ప్రాణం నిలిపేది నరుటోకి అప్పుడే వచ్చిన దైవశక్తి. తర్వాత ఆ మదారా కూడా పక్కకి పోయి, అప్పటిదాకా మనకి పెద్దగా పరిచయం లేని కగూయ చివరి విలన్ అయిపోతుంది. ఇన్నేళ్ళు పెంచుకొచ్చిన పగ అంతా గాల్లో కలిసిపోయింది.

ఫిల్లర్ల సంగతి అందరికీ తెలిసిందే. మాంగా వారానికో చాప్టర్, ఆనిమే కూడా వారానికో ఎపిసోడ్, ఆనిమే పరిగెత్తి మాంగాని పట్టుకునేసరికి స్టూడియో పియెరో వాళ్ళు సొంత కథలు అల్లారు. సాసుకే ఊరు వదిలిన ఫైట్ అయ్యాక, 135వ ఎపిసోడ్ తర్వాత నుంచి మొదటి భాగం చివరిదాకా దాదాపు అంతా అదే. యుద్ధం పీకల మీద ఉన్నప్పుడు కూడా మధ్యలో పాత జ్ఞాపకాలు, కలలు. "లిస్ట్ పెట్టుకుని స్కిప్ చెయ్" అంటారు. ఏది చూడాలో ఏది వదలాలో చూసేవాడే ఏరుకోవాలంటే అది సిరీస్ లోపం కాదా? నరుటో టీమ్‌లోని సకురా, లీ టీమ్‌లోని టెన్‌టెన్ విషయంలో అయితే చెప్పడానికి కూడా ఏమీ మిగల్చలేదు, ఆడపిల్లల్ని రాయడం మీద శ్రద్ధ పెట్టలేదంతే.

ఇప్పుడు ఫ్యాన్స్. మనం హీరోల ఫ్లెక్సీల దగ్గర గొడవలు చూస్తూ పెరిగినవాళ్ళం, అభిమానం అంటే ఏంటో మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ సాసుకే అన్న ఇటాచి గురించి ఒక్క మాట అని చూడండి. సొంత వంశంలో తమ్ముడిని తప్ప అందరినీ, తల్లిదండ్రులతో సహా చంపాడు. పైనుంచి ఆర్డర్ వచ్చింది, తిరుగుబాటు ఆపడానికి, సరే. అది ఘోరం అని కథ కూడా గట్టిగా అనలేకపోయింది, ఫ్యాన్స్ అయితే వాడిని దేవుడిని చేసి స్టేటస్‌లు పెడుతున్నారు. "చిన్నపిల్లలు కూడా చచ్చిపోయారు కదా తమ్ముడూ" అంటే, "అన్నయ్యా, నీకు ఇటాచి అర్థం కాలేదు" అని జవాబు. అర్థమయ్యే అడుగుతున్నాను.

నాకు కోపం తెప్పించేది ఇంకొకటుంది. నరుటో తెలుగులో డబ్ అయి టీవీలో వచ్చింది, రాజోలు, నరసాపురం వైపు చిన్న పిల్లలు కూడా చూశారు, చాలా సంతోషం. వాళ్ళు మాట్లాడబోతే ఈ పెద్ద ఫ్యాన్స్ "డబ్బింగ్‌లో చూసినోడు ఫ్యాన్ కాదు, జపనీస్‌లో సబ్‌టైటిల్స్‌తో చూడాలి" అని నోరు మూయిస్తున్నారు. ఇంగ్లీషు అక్షరాలు అంత స్పీడుగా చదవలేని ఏడో తరగతి పిల్లాడు ఎలా చూస్తాడు? వెక్కిరింపులు తిన్న కుర్రాడు ఊరి మన్ననకోసం పడ్డ తపన మీద నడిచే కథకి అభిమానులై ఉండి, మీరు చేసే పని ఇదా?

మొదటిసారి చూసేవాళ్ళకి నా సలహా: మొదటి భాగం 135 దాకా తెలుగులోనే హాయిగా చూడండి. మొదట్లో ఎదురయ్యే శత్రువులు జబుజా, హాకుల కథ, చూనిన్ పరీక్షలు ఒక్క ఎపిసోడ్ కూడా వదలొద్దు. షిప్పూడెన్‌లో పెయిన్ అనే విలన్ ఊరి మీద పడే కథ దాకా చూడండి, చనిపోయిన వాళ్ళందరినీ చివర్లో బతికించేయడం నాకు నచ్చలేదు గానీ, పగకి నీ దగ్గర జవాబేంటి అని పెయిన్ అడిగే ప్రశ్న మాత్రం వినాలి. అక్కడి నుంచి ఆనిమే ఆపేసి మాంగా పట్టుకోండి, యుద్ధం కథ అందులో ఫిల్లర్లు లేకుండా గబగబా సాగుతుంది. గై మాస్టారి ఫైట్ ఒక్కటి మాత్రం మళ్ళీ ఆనిమేలో, సౌండ్ పెట్టుకుని చూడండి.