48 చెక్క బిళ్ళలు, మా మనవరాలు

మా మనవరాలికి మూడేళ్ళు నిండాక ఈ లాజిక్ బ్లాక్స్ పెట్టె తెప్పించాను, బిళ్ళల్ని పోలికను బట్టి గుంపులుగా వేసే ఆట. నాలుగు ఆకారాలు, మూడు రంగులు, రెండు సైజులు, రెండు మందాలు, మొత్తం 48 బిళ్ళలు. ఏ రెండూ ఒకలా ఉండవు. నాకు నచ్చింది అదే. గుండ్రటి ఎర్ర బిళ్ళ ఎర్రవాటిలోకీ వెళ్తుంది, గుండ్రటివాటిలోకీ వెళ్తుంది. ఎటు వెయ్యాలో పిల్లే తేల్చుకోవాలి.

మొదట రంగుల వారీగా చకచకా వేసేసింది. "ఇప్పుడు ఆకారం చూసి వెయ్యమ్మా" అంటే "సరే తాతా" అని మళ్ళీ రంగుల ప్రకారమే వేసింది. కంగారుపడ్డాను. తర్వాత చదివితే తెలిసింది, మూడేళ్ళ పిల్లలు చాలామంది ఇంతేనట. కొత్త నియమం నోటితో చెప్పగలిగినా చెయ్యి పాతదాన్నే పట్టుకుంటుంది. ఐదేళ్ళకల్లా చాలామంది మార్చుకోగలుగుతారు. ఇక సరిదిద్దడం మానేసి, "ఇది ఇక్కడెందుకు పెట్టావు?" అని అడగడం మొదలుపెట్టాను. ఒకరోజు పెద్దవన్నీ ఒకచోట, చిన్నవన్నీ పక్కన చేర్చి "ఇవి అమ్మలు, ఇవి పిల్లలు" అంది. సైజు మాట నేను ఎత్తనేలేదు!

అంచులు నున్నగా ఉన్నాయి, రంగు ఊడలేదు. లోపమల్లా మందంలోనే. పలచటిదానికీ దళసరిదానికీ తేడా చిన్న వేళ్ళకు అందనంత తక్కువ. అందుకే ఒక స్టార్ తగ్గించాను. సూచనల కాగితం మాత్రం తీసి పక్కన పెట్టెయ్యండి, అందులో ప్రతిదానికీ ఒక్క జవాబే చూపించారు.