పొదలకూరు నిమ్మతోటలో డ్రిప్: కొన్నేళ్లు వాడాక నా మాట

హైదరాబాదులో ఫ్లాటు అద్దెకిచ్చేసి, నెల్లూరు జిల్లా పొదలకూరు దగ్గర రెండెకరాల నిమ్మతోటలో కాపురం పెట్టాం. వచ్చీ రాగానే వేయించింది డ్రిప్. ఎండాకాలాలూ చూసింది, తుపాను వానలూ చూసింది. మెట్ట నేలలో నిమ్మకు డ్రిప్ వేయించుకోవాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ "డ్రిప్ ఉందిగా, వారానికోసారి వచ్చి చూసుకుంటే చాలు" అనే మాట నమ్మి పట్నంలో కూర్చునేవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ముందు మంచి చెప్తాను. మాది ఆరు మీటర్ల ఎడంతో వేసిన తోట, ఎకరాకు 110 చెట్ల దాకా ఉంటాయి. గంటకు 8 లీటర్లు వదిలే డ్రిప్పర్లు చెట్టుకు నాలుగు. మూడు గంటలు నడిస్తే చెట్టుకు 96 లీటర్లు. నిమ్మకాయకు రేటుండేది ఎండాకాలమే, బోరులో నీళ్లు తగ్గేదీ ఎండాకాలమే. ఆ రోజుల్లో కాలవ కట్టి పాదులు నింపాలంటే సగం నీళ్లు దారిలోనే ఇంకిపోతాయి. డ్రిప్‌తో చివరి సాలు దాకా తడి అందుతోంది.

ఇంకో మేలు, మొదలు తడవదు. నిమ్మకు మొదట్లో నీళ్లు నిలిస్తే బంక కారే తెగులు వస్తుంది. అందుకే డ్రిప్పర్లు మొదలుకు దూరంగా, కొమ్మల నీడ అంచున ఉండాలి. చెట్టు పెరిగేకొద్దీ వాటిని బయటికి జరుపుతూ పోవాలి. పైపులు పరిచి వెళ్లినవాళ్లు ఈ మాట చెప్పలేదు.

ఇక అసలు సంగతి. మోటారుకు ఫోన్‌తో నడిచే స్టార్టరు పెట్టించాం. పగటిపూట ఇచ్చే 9 గంటల త్రీఫేజ్ కరెంటు ఎప్పుడొచ్చిందో ఫోనే చెప్తుంది, నొక్కితే మోటారు తిరుగుతుంది. కొళాయి తిప్పితే నీళ్లొచ్చే ఇంట్లో పెరిగినదాన్ని, అదే గొప్పగా అనిపించింది. పక్క తోట పెద్దాయన వచ్చి ఒకే ప్రశ్న వేశారు: "మోటారు తిరగతా ఉంది, సరేమ్మా. ఆ చివరి సాలుకాడికి పోయి చూసినావా?" వెళ్లి చూస్తే ఉడుత కొరికిన పైపులోంచి నీళ్లు దారిలోకి చిమ్ముతున్నాయి, దాని అవతల ఉన్న నాలుగు చెట్ల కింద నేల పొడిగా ఉంది. ఫోనుకు ఇది తెలియదు. ఆ రోజు నుంచి మోటారు వేసిన అరగంటకు సాళ్ల వెంట నడవడం మా ఇంట్లో కాఫీ ఎంత ఖాయమో అంత ఖాయం.

నడుస్తూ చూసేది ప్రతి డ్రిప్పరు కింద తడి గుండ్రాన్ని. అన్నీ ఒకే సైజులో ఉండాలి. ఒకటి చిన్నదైతే వంగి డ్రిప్పరు ఊడదీస్తాను. మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, రంధ్రం చుట్టూ తెల్లటి పొర గట్టిగా పేరుకుని ఉంటుంది, గోటితో గీకినా రాదు. దానికి యాసిడ్ పెట్టాలి: నీళ్లలో యాసిడ్ పోయాలి తప్ప యాసిడ్‌లో నీళ్లు ఎప్పుడూ పోయకూడదు, చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. యాసిడ్ నీళ్లు పైపుల్లో ఒక రాత్రి ఉంచి, మర్నాడు చివరలు విప్పి వదిలేస్తాం. ముందు తెల్లగా, తర్వాత మట్టి రంగులో వచ్చి, చివరికి తేటపడతాయి. ఆ నీళ్లు తేటపడటం చూస్తే నాకు ఎంత తృప్తో!

ఫిల్టరు జాలి కడగడం కూడా ఎగ్గొట్టే పని కాదు. ఫిల్టరుకు ముందూ వెనకా నీళ్ల ఒత్తిడి చూపే గేజీల మధ్య తేడా 0.5 కిలో (చదరపు సెంటీమీటరుకు) దాటిందంటే కడిగి తీరాలి. యూరియా, తెల్ల పొటాష్ డ్రిప్‌లోనే పంపుతాం. సూపర్ ఫాస్ఫేట్ మాత్రం పాదిలోనే వేయాలి, అది సరిగా కరగదు, డ్రిప్పర్లు మూసుకుపోతాయి.

నచ్చనివీ ఉన్నాయి. తడి ఉన్నచోటే గడ్డి దట్టంగా లేస్తుంది. ట్రాక్టరు దున్నకానికి వచ్చినప్పుడల్లా పైపులన్నీ ఎత్తి చుట్టాలి, మనుషులు దొరకాలి. పొద్దు గూకాక ఎంత అత్యవసరమైనా టార్చి, బూట్లు లేకుండా సాళ్లలోకి వెళ్లకూడదు, రక్తపింజరలు తిరిగే నేల ఇది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో డ్రిప్ ఊరికే పడి ఉంటుంది. అప్పుడు కూడా అప్పుడప్పుడూ కాసేపు నడిపించాలి, లేకపోతే డ్రిప్పర్లలో చీమలు చేరి మట్టి నింపుతాయి.

రాయితీకి రైతు సేవా కేంద్రంలో అడగండి, పాసు పుస్తకం, ఆధార్ దగ్గర పెట్టుకోండి. బేరమంతా పైపుల మీద ఆడి ఫిల్టరు దగ్గర తగ్గించుకోకండి. బోరులో ఇసుక వస్తుంటే ఇసుకను వేరుచేసే హైడ్రోసైక్లోన్ కూడా అడగండి. సాళ్ల పైపులకు నీళ్లు పంచే ప్రతి సబ్‌మెయిన్ పైపు చివరా, మట్టి బయటికి వదిలే ఫ్లష్ వాల్వు బిల్లులో ఉందో లేదో సంతకం పెట్టకముందే చూసుకోండి. విడి డ్రిప్పర్లు, జాయింట్లు ఒక సంచెడు అప్పుడే తీసుకోండి, ఉడుత కొరికిన రోజు పొదలకూరు దాకా పరిగెత్తే పని తప్పుతుంది.