క్రేఫిష్ పాఠం కోసం రెండు రోజులు: యనమలకుదురు రేవు, దుగ్గిరాల గట్లు, సూర్యలంక

మా ఐదో తరగతి పిల్లలకు చదివి వినిపించే జంతువుల పుస్తకంలో క్రేఫిష్ బొమ్మ ఉంది. పెద్ద డెక్కలతో, చూడటానికి రొయ్యలా ఉండే ఆ జీవి మంచినీటి ఏరుల్లో, మడుగుల్లో బతుకుతుంది. బొమ్మ చూడగానే పిల్లలు దాన్ని కృష్ణలో చూపించమని పట్టుబట్టారు. ఉత్తర అమెరికాలో మూడు వందలకు పైగా జాతులున్న క్రేఫిష్ భారతదేశపు నదుల్లో సహజంగా ఎక్కడా లేదు. ఆ మాట చెప్పి పాఠం ముగించడానికి నాకు మనసొప్పలేదు. దాని శరీర నిర్మాణాన్ని మన నీలకంఠ రొయ్యలోనూ, నివాసాన్నీ పిల్లలను సాకే తీరునూ మన పొలం ఎండ్రకాయలోనూ చూడవచ్చు. అందువల్ల కార్తీకమాసంలో ఒక శని, ఆదివారాల్లో 18 మంది పిల్లలతో, నలుగురు తల్లిదండ్రులతో విజయవాడ నుంచి మినీ బస్సులో బయలుదేరాం. భవానీ ద్వీపానికి కూడా వెళ్దామనుకున్నాం కానీ, వనభోజనాల రద్దీ చూసి మానుకున్నాం.

మొదటి మజిలీ ప్రకాశం బ్యారేజీకి దిగువన కృష్ణ ఒడ్డునున్న యనమలకుదురు. కార్తీకంలో చాలా ఇళ్లలో చేపలు, రొయ్యలు వండరు కాబట్టి బేరాలు మందంగా ఉన్నాయి. ఆ తీరిక మాకు కలిసివచ్చింది. రేవు దగ్గర రొయ్యలమ్మే పెద్దాయన ఒక పెద్ద మగ నీలకంఠ రొయ్యను తెల్లటి ప్లాస్టిక్ తొట్టెలో నీళ్లు పోసి వదిలాడు. తల, రొమ్ము కలిసిపోయిన ముందు భాగాన్ని ఒకే పెంకు కప్పి ఉండటం, దాని వెనుక పొట్ట ఆరు ఖండాలుగా మడతలు పడటం, చివర తోక విసనకర్రలా విచ్చుకోవడం పిల్లలు వేలితో చూపిస్తూ చెప్పుకున్నారు. నడిచే కాళ్లు లెక్కిస్తే పది వచ్చాయి; క్రేఫిష్‌కూ పదే. అయితే క్రేఫిష్‌కు పెద్ద డెక్కలుండేది మొదటి జత కాళ్లకు, నీలకంఠ రొయ్యకు నీలంగా, పొడుగ్గా సాగిన డెక్కలుండేది రెండో జతకు. ఈ తేడాను నేను చెప్పకముందే ఒక పాప పుస్తకంలోని బొమ్మతో పోల్చి కనిపెట్టింది. ఆ ఒక్క క్షణం కోసమే ఈ ప్రయాణం చేసినా సరిపోయేదనిపించింది.

“బాబాయ్, మీసాలు ఇంత పొడుగెందుకు?” అని ఒక పిల్లవాడు అడిగితే, “చీకట్లో కంటికంటే మీసమే దారి చూపుద్ది నాయనా” అన్నాడాయన. ఆ జవాబు నూటికి నూరుపాళ్లు సరైనది. క్రేఫిష్ కూడా పగలు రాళ్ల కింద, వేళ్ల సందుల్లో దాగి రాత్రిపూట మేతకు బయలుదేరుతుంది. కాడల చివర అమరిన సంయుక్త నేత్రాలు కదలికను పసిగడతాయి. వాసననూ స్పర్శనూ తెలిపేవి రెండు జతల మీసాలు. కుళ్లిన ఆకు, నత్త, పురుగు, చిన్న చేప ఏది దొరికినా తింటుంది. పెద్దాయన పుల్లతో తాకగానే రొయ్య పొట్టను ఒక్కసారి ముడిచి, తోకతో నీటిని కొట్టి వెనక్కి దూసుకుపోయింది. ఆపదలో క్రేఫిష్ తప్పించుకునేదీ అచ్చం ఇలాగే.

అక్కడి నుంచి తెనాలి దారిలో, పసుపు మార్కెట్టుకు పేరుపడిన దుగ్గిరాల దగ్గర, తెలిసిన రైతు పొలానికి వెళ్లాం. నా లెక్కలో ఈ యాత్రకు ప్రాణం ఈ మజిలీయే. ఇక్కడ టికెట్టు లేదు, గది అద్దె లేదు. గట్టు వెంట నడవడానికి రైతు అనుమతి ఉంటే చాలు. కాలువ పక్క గట్టులో ఎండ్రకాయ కన్నాలు వరుసగా ఉన్నాయి, కొన్నింటి ముందు తవ్వి పోసిన బురద ఉండలు కుప్పపడి ఉన్నాయి. గొయ్యి తవ్వుకునే క్రేఫిష్ జాతుల్లో కొన్ని ఇలాగే బురద ఉండలు పేర్చి కన్నం చుట్టూ పొగగొట్టం లాంటి గోడ కట్టుకుంటాయి. రెండింటికీ కారణం ఒకటే: మొప్పలు తడిగా ఉన్నంతసేపే గాలి పీల్చుకోగలవు కనుక, పైన నేల ఎండినా అడుగున చెమ్మ తగిలే వరకు తవ్వుకుంటూ పోవాలి.

రైతు ఒక ఎండ్రకాయను వెనుక నుంచి పెంకు పట్టి తీసి వెల్లకిలా చూపించాడు. పొట్ట కింద మడిచిన పలక మగదానికి సన్నగా, ఆడదానికి వెడల్పుగా ఉంటుంది. ఆ వెడల్పాటి పలక కిందే తల్లి గుడ్లను మోస్తుంది. పొలం ఎండ్రకాయ పిల్లలు గుడ్డు నుంచి చిన్న ఎండ్రకాయలుగానే బయటికి వచ్చి కొన్నాళ్లు తల్లిని కరుచుకుని ఉంటాయి. క్రేఫిష్ పిల్లలూ అంతే. నీలకంఠ రొయ్య సంగతి వేరు: తల్లి గుడ్లను మోసేది మంచినీటిలోనే అయినా, పిల్లలకు మొదట్లో ఉప్పు కలిసిన నీళ్లు కావాలి కాబట్టి అది సముద్రం దగ్గరి పాయలకు దిగుతుంది. ఎదిగిన పిల్లలు మళ్లీ ఏటికి ఎదురెక్కాలి. ఆ దారికి అడ్డుకట్ట ఎంత ఇబ్బందో ఉదయం బ్యారేజీ చూసిన పిల్లలకు వేరే వివరించాల్సిన పని లేకపోయింది.

గట్టు మీద ఒకచోట విడిచిన పెంకు దొరికింది. పెంకు పెరగదు, లోపలి శరీరం పెరుగుతుంది. అందువల్ల పాతది విడిచి, కొత్తది గట్టిపడేదాకా మెత్తని ఒంటితో దాక్కోవాలి. తెగిన కాలు కూడా ఇలా పెంకు విడిచిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా తిరిగి పెరుగుతుంది. పట్టిన ఎండ్రకాయను రైతు అదే కన్నంలో వదిలాడు, ఎవరు వెళ్లినా ఆ మర్యాద తప్పకూడదు.

రాత్రి బాపట్లలో ఒక లాడ్జిలో దిగాం. నాలుగు గదులకు ముందే డబ్బు కట్టించుకుని మూడే ఇచ్చారు, పొద్దున వేడినీళ్లు రాలేదు. చిన్నపిల్లలతో వెళ్లేటప్పుడు ఇది చిన్న లోపం కాదు. భోజనం మాత్రం బస్టాండు వైపు మెస్సులో వేడిగా, కారం తగ్గించి పెట్టారు.

ఆదివారం తెల్లవారుజామున 9 కిలోమీటర్ల దూరంలోని సూర్యలంక చేరాం. ఇసుకలో కన్నాలు చేసుకుని, కళ్లు పైకెత్తి, అడ్డంగా పరుగెత్తే లేత రంగు పీతలు కనిపించాయి కానీ, ఎనిమిదింటికే జనం నిండి అవన్నీ లోపలికి పోయాయి. అవి బాగా తిరిగేది రాత్రిపూట కనుక, సముద్రం కోసమే వచ్చేవారు ఖర్చు ఎక్కువైనా ఒడ్డునే బస చేసి టార్చితో చూడటం మేలు. క్రేఫిష్ పాఠానికి మాత్రం సూర్యలంక తప్పనిసరి కాదు.

తిరిగి వస్తుంటే పిల్లల మాటలన్నీ గట్టు గురించే. తల్లి పొట్ట కింద పిల్లలను చూడాలంటే వానాకాలంలో రమ్మని రైతు చెప్పాడు. వచ్చే ఏడాది భాద్రపదంలో, రాత్రి బస లేకుండా, రేవు నుంచి నేరుగా దుగ్గిరాలకే వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరాలని తల్లిదండ్రులతో అనుకున్నాం.