ఫిజిక్స్ పరీక్షకు ఇంపార్టెంట్స్ నమ్మాలా, పాత పేపర్లు లెక్కపెట్టాలా, మొత్తం చదవాలా: ఏది మేలు?

"అన్నా, ఈసారి లాంగ్‌లో ఏమొస్తది?"

ప్రాక్టికల్స్ అయిపోయిన మర్నాటి నుంచి పరీక్ష రాసేదాకా నేను ఎక్కువసార్లు వినే మాట ఇదే. లాంగ్ అంటే ఎనిమిది మార్కుల ప్రశ్న. హనుమకొండలో మా వీధి పిల్లలకు తొమ్మిదేళ్లుగా సాయంత్రాలు ఇంటర్ ఫిజిక్స్ చెబుతున్నాను. చదవని పిల్లలే ఇలా అడుగుతారనుకోకండి, మొదటి బెంచీ వాళ్లూ అడుగుతారు, ఎందుకంటే సెకండియర్ ఫిజిక్స్ ఒక్కదానిలోనే 16 చాప్టర్లు, పక్కన కెమిస్ట్రీ, రెండు మ్యాథ్స్ పేపర్లు, వెనకాలే ఎప్‌సెట్. ఊహలు మానేసి బుద్ధిగా చదువుకో అనడం తేలికే, కానీ రాత్రి పదకొండింటికి పుస్తకం ముందు టెన్షన్‌తో కూర్చున్న పిల్లకి ఆ మాట ఎందుకూ పనికిరాదు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో మూడు రకాల వాళ్లను చూశాను: యూట్యూబ్‌లోనో వాట్సాప్‌లోనో దొరికిన ఇంపార్టెంట్స్ పట్టుకునేవాళ్లు, పాత పేపర్లు ముందేసుకుని తామే లెక్క తీసేవాళ్లు, ఏదీ నమ్మకుండా మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా చదివేవాళ్లు. ఈ మూడింట్లో ఏది మేలో నాకు తెలిసినంతలో చెబుతాను.

ముందు పేపర్ సంగతి చూద్దాం. తెలంగాణలో ఇన్నేళ్లుగా పిల్లలు రాస్తున్న పేపర్ 60 మార్కులకు, 3 గంటలు. రెండు మార్కులవి పది, అన్నీ రాయాల్సిందే, ఛాయిస్ లేదు. నాలుగు మార్కులవి ఎనిమిదిచ్చి ఆరు రాయమంటారు, ఎనిమిది మార్కులవి మూడిచ్చి రెండు రాయమంటారు. అంటే 20, 24, 16. పాస్ అవ్వాలంటే 21 రావాలి. పిల్లలు ఊహలన్నీ ఆ 16 మార్కుల చుట్టూనే అల్లుతారు, ఛాయిస్ లేని 20 మార్కుల గురించి అడిగినవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

ఇక ఇంపార్టెంట్స్ జాబితాలు. వీటిని పూర్తిగా కొట్టిపారేయను. జాబితా చేసేవాళ్లలో చాలామంది ఏళ్లుగా పాఠం చెప్పినవాళ్లే, వాళ్లు స్టార్ పెట్టిన ప్రశ్న నిజంగానే ముఖ్యమైనదై ఉంటుంది, ఆఖరి మూడు రోజుల్లో ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఏడుపొచ్చే స్థితిలో ఉన్నవాడికి అదొక దారి చూపిస్తుంది. నా అభ్యంతరం ఒక్కటే, పరీక్ష అయిన సాయంత్రం "మేం చెప్పినవే వచ్చాయి" అని ప్రకటిస్తారే, ఆ మాట విన్నప్పుడు జాబితా ఎంత పొడుగుందో ఎవరూ చూడరు. పేపర్‌లో మొత్తం ప్రశ్నలు 21. వంద ప్రశ్నల జాబితా ఇచ్చి అందులోంచి పద్నాలుగు వచ్చాయంటే, చెప్పినవాళ్ల పేరు నిలబడుతుంది గానీ ఆ వందలో ముప్పై చదివి వెళ్లిన పిల్లాడికి నాలుగో ఐదో తగులుతాయి.

రెండేళ్ల కిందట ఒకమ్మాయి తన గైడ్ తెచ్చి నా ముందు పెట్టింది. ప్రశ్న పక్కన ఎర్ర పెన్నుతో ఒక స్టార్, రెండు స్టార్లు, మూడు స్టార్లు. మూడు స్టార్ల పేజీలు చేతి చెమటకు నల్లబడి అంచులు మడతలు పడ్డాయి. పేజీ తిప్పితే పక్కనున్నది కొత్త పుస్తకం వాసన వస్తోంది, ఒక్క గీత కూడా లేదు. తరంగాల చాప్టర్‌లో సాగదీసిన తీగల్లో స్థిర తరంగాలు మూడు స్టార్లు, కంఠతా వచ్చేసింది ఆ అమ్మాయికి, ఎక్కడ అడిగితే అక్కడి నుంచి అందుకుంటోంది. ఆ వెనకే ఉన్న మూసిన గొట్టం మీద స్టార్ లేదు. "70 సెంటీమీటర్ల మూసిన గొట్టం, ధ్వని వేగం సెకనుకు 331 మీటర్లు, ప్రాథమిక పౌనఃపున్యం ఎంత?" అని అడిగాను, ఇది పాత పేపర్లలో చాలాసార్లు కనిపించే లెక్కే. వేగాన్ని పొడవుకు రెండింతలతో భాగించి 236 అని చెప్పింది. అది తీగకూ, రెండు వైపులా తెరిచిన గొట్టానికీ సరిపోతుంది. మూసిన గొట్టంలో మూసిన కొన దగ్గర నోడ్ (గాలి కదలని చోటు), తెరిచిన కొన దగ్గర యాంటీనోడ్ (గాలి ఎక్కువగా కదిలే చోటు) ఉంటాయి, తరంగంలో నాలుగో వంతే గొట్టంలో పడుతుంది, కాబట్టి నాలుగింతలతో భాగించాలి, 118.2 హెర్ట్‌జ్ రావాలి. బొమ్మ గీసి చూపిస్తే ఐదు నిమిషాలు కూడా పట్టలేదు అర్థం కావడానికి. తీగ అంత బాగా చదివిన పిల్లకి గొట్టం చదవడానికి ఒక గంట చాలు, సగం పని అప్పటికే అయిపోయింది కదా, స్టార్ లేదన్న ఒకే కారణంతో ఆ గంట పెట్టలేదు.

ఇంకో రకం ఊహ కూడా ఈ జాబితాల్లోనే పుడుతుంది: పోయినేడు పొటెన్షియోమీటర్ వచ్చింది, అందుకని ఈసారి వీట్‌స్టోన్ బ్రిడ్జి పక్కా. ఈ లెక్క నమ్మి మునిగినవాళ్లను చూశాను, నేనూ మునిగాను. బోర్డు ఒకటికి మించి సెట్లు తయారుచేయిస్తుంది, పరీక్ష రోజున వాటిలో ఒకటి వస్తుంది, పోయినేడు వచ్చింది మళ్లీ ఇవ్వకూడదనే నియమం పేపర్ మీద ఎక్కడా కనిపించదు.

నా సంగతి చెబుతాను. సెకండియర్‌లో ఎనిమిది మార్కుల ప్రశ్నలు ఎక్కువగా తరంగాలు, ప్రవాహ విద్యుత్తు, కేంద్రకాలు, ఈ మూడు చాప్టర్ల నుంచే వస్తుంటాయి. మూడింట్లో రెండు రాస్తే చాలు కదా అని ప్రవాహ విద్యుత్తును పూర్తిగా వదిలేశాను. అక్కడితో ఆగి ఉంటే ఇబ్బంది లేదు. తరంగాల్లో తీగలొక్కటే చదివాను, కేంద్రకాల్లో రియాక్టర్ ఒక్కటే చదివాను, ఎందుకంటే మా హాస్టల్లో అందరూ అవే పక్కా అన్నారు. రియాక్టర్ వచ్చింది, మితకారి, నియంత్రణ కడ్డీలు, శీతలకారి అన్నీ బొమ్మలో గుర్తించి బాగా రాశాను. తరంగాల నుంచి మాత్రం మూసిన గొట్టం వచ్చింది. మూడోది కిర్కాఫ్ నియమాలు, ఆ చాప్టర్ నేను తెరిచిందే లేదు. చేతిలో ఇరవై ఐదు నిమిషాలున్నాయి, రాయడానికి ఏమీ లేదు, ఆ ఇరవై ఐదు నిమిషాలు నాకింకా గుర్తే.

అప్పుడు నేను చేసిన తప్పేమిటో పిల్లలకు చెప్పడం మొదలుపెట్టాక అర్థమైంది. పేపర్ మనకిచ్చే ఛాయిస్ ఒక్కటే. దాన్ని చాప్టర్ వదలడానికి ఖర్చుపెట్టాను, ఖర్చయిపోయిందన్న సంగతి మర్చిపోయి మిగిలిన రెండు చాప్టర్లలో మళ్లీ ప్రశ్నలు వదిలాను. ఇంపార్టెంట్స్ పట్టుకున్న పిల్లల్లో ఎక్కువమంది చేసేది ఇదే. వదలండి, కానీ ఒక్కసారే వదలండి. ఒక చాప్టర్ లాంగ్ వదిలేస్తే మిగతా రెండు చాప్టర్లలో లాంగ్‌కు వచ్చే అవకాశమున్నవన్నీ చదవాలి. అవేమీ కొండంత కావు: తరంగాల్లో తీగలు, తెరిచిన గొట్టం, మూసిన గొట్టం, డాప్లర్ ప్రభావం, కేంద్రకాల్లో రియాక్టర్, రేడియోధార్మిక క్షయం, ద్రవ్యలోపం, బంధనశక్తి. మొత్తం ఏడెనిమిది. వాటి కింద వచ్చే చిన్న లెక్కలు కూడా పట్టుకోవాలి, అర్ధజీవితం 20 రోజులైతే ఎనిమిదింట ఏడు వంతులు క్షయమవడానికి ఎన్ని రోజులు అన్నలాంటివి. ఎనిమిదింట ఒక వంతు మిగలాలంటే మూడు అర్ధజీవితాలు, 60 రోజులు, రెండు వరసల్లో అయిపోతుంది.

రెండో పద్ధతి, పాత పేపర్లు తామే లెక్కపెట్టుకోవడం, నాకు బాగా ఇష్టమైనది. ఖర్చు ఒక పెద్ద గళ్ల కాగితం, ఒక ఆదివారం. ఎడమ పక్క 16 చాప్టర్లు పై నుంచి కిందికి, పైన సంవత్సరాలు, ఒక్కో గడిలో ఏ ప్రశ్న వచ్చిందో రెండు ముక్కల్లో రాసుకోవాలి, పక్కన మార్కులు. మార్చి పేపర్లే కాదు, సప్లిమెంటరీ పేపర్లు కూడా ఎక్కించాలి, చాలామంది వీటిని వదిలేస్తారు. మార్చిలో రాని ప్రశ్న ఆ మేలో వచ్చి ఉంటుంది, మనం మార్చి ఒక్కటే చూసి చాలా ఏళ్లుగా రాలేదు అనుకుంటాం. ఇంకో జాగ్రత్త, 2021లో సెకండియర్ పరీక్షలే రద్దయ్యాయి, 2022లో 70 శాతం సిలబస్‌తో, ఎక్కువ ఛాయిస్‌తో పెట్టారు, కాబట్టి 2022 గళ్లను వేరే రంగుతో రాసుకోండి, లేకపోతే లెక్క తప్పుతుంది.

కాగితం నిండాక కనిపించేవి జాబితాలో కనిపించవు. లాంగ్ ఏ చాప్టర్ నుంచి వస్తుందనేది చాలా వరకు కుదురుగా ఉంటుంది, ఏ ప్రశ్న వస్తుందనేది అటూ ఇటూ మారుతుంటుంది. అందుకే చాప్టర్‌ను ఊహించడం తెలివైన పని, ప్రశ్నను ఊహించడం ప్రమాదం. నాలుగు మార్కుల దగ్గరికి వస్తే యంగ్ ప్రయోగం, డైపోల్ మీద టార్క్, బయో-సవర్ట్ నియమం, బోర్ నమూనా, రెక్టిఫయర్ లాంటివి మళ్లీ మళ్లీ కనిపిస్తాయి, ఎనిమిదింట్లో రెండు వదులుకోవచ్చు కాబట్టి ఇక్కడ లెక్క బాగానే కలిసొస్తుంది. రెండు మార్కుల వరసలు మాత్రం చెల్లాచెదురుగా ఉంటాయి. అయస్కాంతత్వం, విద్యుదయస్కాంత తరంగాలు, ద్వంద్వ స్వభావం, ఎవరూ తెరవని ఆ చిన్న చాప్టర్ల నుంచే సగం వస్తాయి. వీటికి ఊహ అక్కర్లేదు. దిక్పాతం, అవపాతం, పని ప్రమేయం, డీబ్రోలీ తరంగదైర్ఘ్యం, మాడ్యులేషన్ ఎందుకు కావాలి, రోజుకు పదిహేను చొప్పున చదువుకుంటే పది రోజుల్లో అయిపోతాయి, 20 మార్కుల మీద భయం పోతుంది. పాస్ మార్కు 21 అని పైన చెప్పాను కదా, ఫెయిలవుతానేమో అని వణికే పిల్లలకు నేను మొదట చదివించేవి ఇవే, లాంగ్ జోలికి తర్వాతే.

ఈ పద్ధతికీ లోపముంది. సిలబస్ మారినా, పేపర్ తీరు మారినా పాత కాగితం పనికిరాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025-26లో ఫస్టియర్‌కు ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ తెచ్చారు, పేపర్ తీరూ మార్చారు. అక్కడి పిల్లలు అన్నయ్యల నాటి పేపర్లు చూసి ఊహిస్తే కష్టం, బోర్డు ఇచ్చిన కొత్త మోడల్ పేపర్లే వాళ్లకు ఆధారం. పైన నేను చెప్పిన అంకెలు కూడా మీరు రాయబోయే ఏడాది మోడల్ పేపర్‌తో ఒకసారి సరిచూసుకోండి.

మూడోది, మొత్తం చదవడం. జూన్ నుంచి కూర్చునేవాళ్లకు దీన్ని మించింది లేదు, నేను వేరే చెప్పక్కర్లేదు. ఫిబ్రవరిలో మొదలుపెట్టి మొత్తం చదువుతానంటే మాత్రం వద్దంటాను. మొదటి చాప్టర్ నుంచి వరసగా వెళ్తారు, తరంగాలు, కాంతి దగ్గర రోజులన్నీ అయిపోతాయి, పదో చాప్టర్ దగ్గర పరీక్ష వచ్చేస్తుంది, చివరనున్న కేంద్రకాలు, అర్ధవాహకాలు అలాగే ఉండిపోతాయి. మార్కులు సులువుగా వచ్చే చాప్టర్లు పుస్తకం చివర్లో ఉన్నాయి మరి. మొత్తం చదవాలన్న పట్టుదల ఉంటే కాగితంలో బరువున్న చాప్టర్ల నుంచి మొదలుపెట్టి తేలికవాటి వైపు వెళ్లండి, మధ్యలో ఆగిపోయినా చదివింది వృథా కాదు.

కాబట్టి రెండు నెలలుంటే కాగితం వేసుకుని బరువు ప్రకారం మొత్తం చదవడం మేలు. మూడు వారాలుంటే రెండు లాంగ్ చాప్టర్లు పూర్తిగా, రెండు మార్కులవి పూర్తిగా, నాలుగు మార్కులవి కాగితం చెప్పినట్టు. మూడు రోజులే ఉంటే నమ్మకమైన లెక్చరర్ ఇచ్చిన జాబితా పట్టుకోండి, తప్పేం లేదు, కాకపోతే రెండు మార్కుల వాటితో మొదలుపెట్టండి.

ఈ లెక్కంతా ఇంటర్ బోర్డు పరీక్ష వరకే. ఎప్‌సెట్‌లో 160 ప్రశ్నల్లో ఫిజిక్స్ 40, నీట్‌లో 180కి 45, జేఈఈ మెయిన్‌లో ఒక్కో షిఫ్టుకు 25 ప్రశ్నలు, షిఫ్టులేమో చాలా. అక్కడ ఏ చాప్టర్ నుంచైనా వస్తుంది, అడిగే తీరు కూడా వేరు. బోర్డుకు రియాక్టర్ వ్యాసం రాయడం వచ్చినంత మాత్రాన ద్రవ్యలోపం లెక్క నిమిషంన్నరలో చేయడం రాదు. ఎప్‌సెట్‌లో తప్పుకు మార్కు కోయరు కాబట్టి తెలియనిదానికీ ఒక జవాబు పెట్టి రావచ్చు, నీట్‌లో అలా పెడితే ఉన్న మార్కు పోతుంది. అక్కడ కూడా "పక్కా ఇవే" అని చెప్పేవాళ్లుంటారు, దయచేసి నమ్మకండి.

ఆ ఎర్ర స్టార్ల అమ్మాయి మిగిలిన పద్దెనిమిది రోజుల్లో గొట్టాలు, డాప్లర్, కేంద్రకాలు అన్నీ చదివింది. పరీక్ష రాసి సరాసరి మా ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి ప్రశ్నపత్రం చూపించింది. తన గైడ్‌లో మూడు స్టార్లున్న ప్రశ్న లాంగ్‌లో ఒక్కటీ రాలేదు. "రెండూ రాసిన అన్నా, లెక్కలతో సహా" అంది. ఈ ఏడాది బ్యాచ్‌తో డిసెంబర్‌లోనే గళ్ల కాగితం వేయించాను, మా ముందు గదిలో గోడకు అంటించి ఉంది, సప్లిమెంటరీ పేపర్లు ఇంకా మూడు ఎక్కించాలి.